వీర్యం మంచిదో కాదో ల్యాబ్ ఎలా తేలుస్తుంది

కందుకూరు, కావలి, పొదిలి వైపు పాడి ఉన్న ఇంట్లో గేదె మూడోసారి కూడా పొర్లిందంటే, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకు వచ్చిందంటే, మొదటి అనుమానం స్ట్రా మీదికే, అంటే గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం మీదికే పోతుంది. ‘సూది మంచిది కాదు’ అనేస్తారు. సూది వేసిన గోపాలమిత్ర స్ట్రా మీద అచ్చయిన ఆబోతు నంబరు, తేదీ చూపించి, సెంటర్లో పరీక్ష చేశాకే పంపారు అంటాడు. వాదన అక్కడితో ఆగిపోతుంది. ఆ పరీక్షలో ఏం చూశారన్నది ఇద్దరిలో ఎవరూ అడగరు. నిజానికి పరీక్ష ఒకటి కాదు. వీర్యం పట్టిన నిమిషం నుంచి దాన్ని గడ్డకట్టించి, మళ్లీ కరిగించి చూసేదాకా వరసగా చాలా ఉంటాయి. కణాలు ఎన్ని ఉన్నాయి, కదిలేవి ఎన్ని, బతికున్నవి ఎన్ని, ఆకారం సరిగా ఉన్నవి ఎన్ని, కరిగాక మిగిలినవి ఎన్ని: ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఒకదాని జవాబు తీసుకెళ్లి ఇంకోదాని దగ్గర పెడితే గందరగోళం తప్పదు.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. ఈ పరీక్షలన్నీ చెడ్డ వీర్యాన్ని ఏరి పారేయడానికి బాగా పనికొస్తాయి. పాసైన వీర్యంతో చూడి తప్పక నిలుస్తుందని మాత్రం ఏ పరీక్షా చెప్పలేదు. కరిగించాక కదలిక 50 శాతం అని రాశారంటే వంద పశువుల్లో యాభై చూడి కడతాయని కాదు. ఈ పొరపాటు బాగా చదువుకున్నవాళ్లు కూడా చేస్తుంటారు.

పట్టేటప్పుడే సగం తేలిపోతుంది

మైక్రోస్కోపు దాకా రాకముందే వీర్యం పాడయ్యే అవకాశాలు ఎక్కువ. కృత్రిమ యోని అంటే గట్టి రబ్బరు గొట్టం, దాని లోపల పల్చని లైనర్, రెంటి మధ్య వేడి నీళ్లు, చివర ఒక కోన్, దానికి గీతలున్న గాజు గొట్టం. ఆబోతు ఎక్కే సమయానికి లోపలి వేడి 42 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. తక్కువైతే ఆబోతు సరిగా స్పందించదు, కొన్నిసార్లు మూత్రం కలుస్తుంది. ఎక్కువైతే ఆబోతుకు నొప్పి, వీర్యానికి చేటు. జెల్లీ ఎక్కువ రాస్తే అది జారి వీర్యంలో కలుస్తుంది. ఒకటి రెండుసార్లు ఉత్తుత్తిగా ఎక్కించి దించి, ఆ తర్వాతే పట్టాలి. ఆ ఓపిక లేకపోతే పరిమాణమూ తగ్గుతుంది, కణాలూ తగ్గుతాయి. దేశవాళీ ఆబోతులు విదేశీ జాతులంత తొందరగా స్పందించవు కాబట్టి ఒంగోలు ఆబోతు దగ్గర ఈ ఓపిక మరీ అవసరం.

మన దగ్గర వేసవిలో షెడ్డు నిండా దుమ్ము. ఆబోతు శిశ్నం తొడుగు దగ్గర వెంట్రుకలను సుమారు రెండు సెంటీమీటర్లకు కత్తిరించడం, సెలైన్‌తో కడిగి తుడవడం, పట్టే పని తెల్లవారుజామునే ముగించడం బాక్టీరియా లెక్కను నేరుగా తగ్గిస్తాయి. గొట్టాన్ని ఎండ తగలకుండా కప్పి, గోడలోని చిన్న కిటికీ గుండా ల్యాబ్‌లోకి అందించి, వెంటనే 34–35 డిగ్రీల నీటితొట్టెలో నిలబెడతారు. అక్కడి నుంచి వీర్యాన్ని తాకే ప్రతిదీ అదే వేడిలో ఉండాలి. స్లైడు, కవర్‌స్లిప్, పిపెట్ మొన, పల్చన చేసే ద్రావణం, అన్నీ. కణం పొర కొవ్వుతో కట్టినది. ఒక్కసారిగా చల్లదనం తగిలితే ఆ కొవ్వు గట్టిపడి పొర చెడిపోతుంది. ఆపైన వేడి చేసినా కణం కోలుకోదు. తోకలు మెలికపడతాయి, కొన్ని కణాలు గుండ్రంగా తిరుగుతాయి, కొన్ని వెనక్కి ఈదుతాయి. ఏసీ ల్యాబ్‌లో బల్ల మీద పెట్టిన స్లైడు చేతికి చల్లగా తగిలేంత ఉంటే చాలు, మంచి ఆబోతు వీర్యం కూడా నాసిగా కనిపిస్తుంది. చాలాచోట్ల ‘ఈ రోజు ఆబోతు బాలేదు’ అని రాసినప్పుడు బాలేనిది స్లైడు.

నీళ్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కనిగిరి, పామూరు చుట్టుపక్కల బోరునీళ్లు గట్టివి, ఫ్లోరైడ్ ఉన్నవి. అలాంటి నీళ్లతో గాజుసామాను ఆఖరి కడుగు కడిగితే ఉప్పు పొర ఆరిపోయి లోపలే ఉండిపోతుంది. సబ్బు కూడా అంతే. కంటికి శుభ్రంగా ఉన్న గొట్టంలో పోసిన వీర్యం పది నిమిషాల్లో డీలా పడితే మొదట గాజుసామాను కడిగే పద్ధతి చూడాలి. ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేసి, వేడి ఓవెన్లో ఆరబెట్టాలి. రబ్బరు లైనర్లు, చేతి తొడుగులు, సిరంజి లోపలి రబ్బరు కూడా కొన్ని రకాలు వీర్యానికి విషమే. కొత్త సరుకు రాగానే దాన్ని కాసేపు వీర్యంతో కలిపి ఉంచి, కదలిక తగ్గిందేమో చూసుకున్నాకే వాడాలి.

కంటితో, తక్కువ పెంపుతో

పరిమాణం గొట్టం మీద గీతల్లో చదువుతారు. నురగను లెక్కలోకి తీసుకోకూడదు. ఎదిగిన ఒంగోలు ఆబోతు ఒక్కో పట్టుకు నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు ఇస్తుంది. ముర్రా దున్న రెండు నుంచి నాలుగు ఇచ్చినా మామూలే. పాలలాగా లేదా మీగడ రంగులో చిక్కగా ఉంటే కణాలు బాగా ఉన్నట్టు. దున్నపోతు వీర్యంలో లేత నీలి ఛాయ సహజం. కొన్ని ఆబోతుల్లో రైబోఫ్లేవిన్ వల్ల వచ్చే పసుపు రంగుతో ఇబ్బంది లేదు, కానీ పసుపుతో పాటు మూత్రపు వాసన ఉంటే పారేయాలి. ఎరుపు తాజా రక్తానికి, ఇటుక రంగు పాత రక్తానికి, గడ్డలు గడ్డలుగా ఉండటం చీముకు గుర్తు. ఇవి కనిపిస్తే ఆ పట్టుతో పాటు ఆ ఆబోతునూ పక్కన పెట్టి పశువైద్యుడు చూడాలి.

తర్వాత మూకుమ్మడి కదలిక. ఒక చుక్కను పల్చన చేయకుండా, కవర్‌స్లిప్ వేయకుండా, 37 డిగ్రీల వెచ్చని స్టేజి మీద వంద రెట్ల పెంపుతో చూస్తే వీర్యం మబ్బులు పొర్లినట్టు సుడులు తిరుగుతూ కనిపిస్తుంది. సుడుల జోరును బట్టి సున్నా నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. ఇది పది సెకన్లలో తేలే పరీక్ష, చాలా ఉపయోగం. కాకపోతే ఇందులో కణాల సంఖ్య, కదిలే వేగం రెండూ కలిసిపోయి ఉంటాయి. కణాలు బాగా కదులుతున్నా సంఖ్య తక్కువైతే సుడి కనపడదు. అందుకే ఒక్కో కణం కదలికను విడిగా చూడాలి. వీర్యాన్ని అదే వేడిలో ఉన్న ద్రావణంతో పల్చన చేసి, చిన్న చుక్క మీద కవర్‌స్లిప్ వేసి, ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపులో 200 నుంచి 400 రెట్లతో, కనీసం నాలుగైదు చోట్ల చూసి, నేరుగా ముందుకు ఈదే కణాలు వందకెన్నో అంచనా వేస్తారు. కేంద్ర పశుసంవర్ధక శాఖ కనీస ప్రమాణాల ప్రకారం ఇది 70 శాతానికి తక్కువైతే ఆ పట్టు గడ్డకట్టించడానికి పనికిరాదు.

కంటి అంచనాలో మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. వేగంగా ఈదే కణాలే కంటిని లాగుతాయి, ఊరికే పడి ఉన్నవి కంట పడవు. కాబట్టి అంచనా దాదాపు ఎప్పుడూ ఎక్కువకే పోతుంది. ఆబోతు పేరు తెలియకుండా ఇద్దరు విడివిడిగా చూసి, తేడా పది శాతం దాటితే మళ్లీ స్లైడు వేయడం మంచి అలవాటు.

లెక్కే ప్రాణం

ఒక మిల్లీలీటరులో ఎన్ని కణాలు ఉన్నాయన్న ఒక్క అంకె మీద స్ట్రాల సంఖ్య మొత్తం ఆధారపడుతుంది. అందుకే ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం.

పాత పద్ధతి హీమోసైటోమీటర్, అంటే రక్తకణాలు లెక్కపెట్టే నూబార్ గాజుపలకే. వీర్యాన్ని కణాలు చచ్చి కదలకుండా ఉండే ద్రావణంతో 200 రెట్లు పల్చన చేస్తారు. బాగా కలిపి, మొదటి రెండు మూడు చుక్కలు పారబోసి, పలక మీద నింపుతారు. కణాలు అడుక్కు చేరడానికి ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాల్లో మన ఎండకు అంచులు ఆరిపోతాయి కాబట్టి పలకను తడి దూది ఉన్న పెట్రీడిష్‌లో మూత పెట్టి ఉంచాలి. మధ్య గడిలో 25 చదరాలు ఉంటాయి. నాలుగు మూలలవి, నడిమిది కలిపి ఐదింటిలో తలలు లెక్కపెట్టాలి. గీత మీద పడినవాటిలో పై గీత, ఎడమ గీత మీదివే లెక్కలోకి తీసుకుంటే ఒకే కణాన్ని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉండదు. ఆ ఐదు చదరాల ఘనపరిమాణం 0.02 మైక్రోలీటరు. దాన్ని మైక్రోలీటరుకు మార్చడానికి 50, పల్చన చేసినందుకు 200, మిల్లీలీటరుకు మార్చడానికి వెయ్యి, ఈ మూడూ హెచ్చవేస్తే సరిగ్గా కోటి. అంటే ఐదు చదరాల్లో 120 తలలు కనిపిస్తే మిల్లీలీటరుకు 120 కోట్ల కణాలు. గుర్తుంచుకోవడానికి ఇంతకంటే సులువు ఉండదు.

ఆ 120లోనే ఒక చిక్కుంది. యాదృచ్ఛికంగా పడే కణాలను 120 దాకా మాత్రమే లెక్కపెడితే, పని ఎంత జాగ్రత్తగా చేసినా తొమ్మిది శాతం అటూ ఇటూ ఊగడం సహజం. పలకకు రెండు వైపులా లెక్కపెట్టి 240 దాకా చూస్తే ఆ ఊగు ఆరున్నర శాతానికి దిగుతుంది. రెండు వైపుల లెక్కల్లో బాగా తేడా వస్తే సరాసరి తీసి సరిపెట్టుకోకూడదు. సరిగా కలపలేదనో, పలక పొంగిపొర్లిందనో అర్థం. కడిగి మళ్లీ నింపాలి.

రోజుకు పదుల కొద్దీ పట్టులు వచ్చే స్టేషన్లో, అంటే వీర్యం పట్టి స్ట్రాలు తయారుచేసే కేంద్రంలో, ఇంత సేపు కుదరదు కాబట్టి ఫోటోమీటర్ వాడతారు. 40 మైక్రోలీటర్ల వీర్యాన్ని 3.96 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, దాని గుండా కాంతి ఎంత ఆగిపోయిందో కొలుస్తుంది. అర నిమిషం పని. కాకపోతే కాంతిని అడ్డుకున్నది కణమా, దుమ్మా, రక్తకణమా, చర్మపు పొట్టా అన్నది దానికి తెలియదు. మురికి ఉన్న వీర్యంలో కణాలు ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. 40 మైక్రోలీటర్ల పిపెట్ బయటి గోడకు అంటుకున్న చుక్కను తుడవకపోయినా అంతే. ఆవుజాతి వీర్యానికి సరిచేసిన మిషన్‌ను దున్నపోతు వీర్యానికి అలాగే వాడకూడదు. కణం తల కొలతలు వేరు, ద్రవం వేరు. హీమోసైటోమీటర్‌తో పోల్చి దానికి విడిగా క్రమాంకనం చేసుకోవాలి. కణాల డీఎన్ఏకు మెరిసే రంగు అంటించి లెక్కపెట్టే న్యూక్లియోకౌంటర్ లాంటి పరికరాలు మురికిని కణంగా పొరబడవు, కానీ ఒక్కో పరీక్షకు ఒక్కో క్యాసెట్ ఖర్చవుతుంది. రోజూ ఫోటోమీటర్ వాడి, అప్పుడప్పుడూ కొన్ని పట్టులను గాజుపలక మీద సరిచూసుకోవడం ఖర్చుకూ నమ్మకానికీ మధ్య సరైన దారి.

లెక్క తప్పితే ఏమవుతుందో చూడండి. ఆరు మిల్లీలీటర్ల వీర్యం, మిల్లీలీటరుకు 120 కోట్లు. మొత్తం 720 కోట్లు. స్ట్రాకు కనీసం రెండు కోట్ల కణాలు ఉండాలన్నది ప్రమాణం కాబట్టి 360 స్ట్రాలు. స్ట్రా పావు మిల్లీలీటరు కాబట్టి మొత్తం ద్రవం 90 మిల్లీలీటర్లు కావాలి, అంటే 84 మిల్లీలీటర్ల ద్రావణం కలపాలి. అదే ఫోటోమీటర్ మురికి చూసి 150 కోట్లు అని చూపించిందనుకుందాం. 450 స్ట్రాలు తయారవుతాయి. ఒక్కోదానిలో నిజంగా ఉండేది కోటీ అరవై లక్షలే. కరిగాక సగం మిగిలితే కదిలేవి 80 లక్షలు. స్ట్రా చూడటానికి తేడా ఏమీ ఉండదు, కదలిక శాతమూ 50 అనే వస్తుంది. ఒక్కోదానిలో ఎన్ని ఉన్నాయో మళ్లీ లెక్కపెడితే తప్ప ఈ తప్పు ఎవరికీ దొరకదు. మంచి స్టేషన్లలో కరిగించిన స్ట్రాలోనూ కణాలు లెక్కపెట్టేది ఇందుకే. అసలు వీర్యంలోనే మిల్లీలీటరుకు 50 కోట్ల కంటే తక్కువుంటే ఆ పట్టును గడ్డకట్టించరు.

బతికున్నదా, బాగున్నదా

కదలని కణమల్లా చచ్చింది కాదు, కదిలే కణమల్లా మంచిదీ కాదు. ఈ తేడా తెలియడానికి ఇయోసిన్–నైగ్రోసిన్ అద్దకం. 2.9 శాతం సోడియం సిట్రేట్ ద్రావణంలో, వంద మిల్లీలీటర్లకు ఇయోసిన్ 1.67 గ్రాములు, నైగ్రోసిన్ 10 గ్రాములు వేసి వడకడతారు. ఈ రంగు చుక్కను, వీర్యం చుక్కను వెచ్చని స్లైడు మీద కలిపి, అర నిమిషం ఆగి, పల్చగా లాగి, వెంటనే ఆరబెడతారు. పొర చెదిరిన కణంలోకి ఇయోసిన్ దూరి తల గులాబీ రంగుకు తిరుగుతుంది. పొర గట్టిగా ఉన్న కణం నల్లని నేల మీద తెల్లగా నిలుస్తుంది. నూనె వేసి వెయ్యి రెట్ల పెంపుతో కనీసం 200 కణాలు లెక్కపెట్టాలి. ఇక్కడ ఎక్కువ తప్పులు ఆరబెట్టడంలోనే జరుగుతాయి. వానాకాలపు తేమలో స్లైడు నిదానంగా ఆరితే ఆరేలోపే బతికున్న కణాలు చచ్చి రంగు పీల్చుకుంటాయి. సగం గులాబీ, సగం తెలుపుగా ఉన్న తలలు ఎక్కువగా కనిపిస్తే స్లైడు ఆరడానికి ఆలస్యమైందని అనుమానించాలి. గడ్డకట్టించిన వీర్యంలోని గ్లిసరాల్ కూడా ఈ అద్దకాన్ని చెడగొడుతుంది కాబట్టి కరిగించిన వీర్యాన్ని ఈ పద్ధతితో చూసి వచ్చిన అంకెను మరీ పట్టించుకోనక్కర్లేదు.

పొర పైకి బాగుండటమే కాదు, పని చేస్తోందా అన్నది హైపో ఆస్మాటిక్ పరీక్ష చెబుతుంది. దీన్ని హోస్ట్ అంటారు. వంద మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 0.735 గ్రాముల సోడియం సిట్రేట్, 1.351 గ్రాముల ఫ్రక్టోజ్ వేస్తే మామూలు శరీర ద్రవంలో సగం గాఢత ఉన్న ద్రావణం వస్తుంది. ఒక మిల్లీలీటరు ద్రావణంలో 0.1 మిల్లీలీటరు వీర్యం కలిపి 37 డిగ్రీల దగ్గర అర గంట నుంచి గంట ఉంచితే, పొర పనిచేసే కణాల్లోకి నీరు చేరి తోక ఉబ్బి ముడుచుకుంటుంది. చచ్చిన కణం తోక తిన్నగానే ఉండిపోతుంది. పరీక్షకు ముందే మెలికపడ్డ తోకలు కొన్ని ఉంటాయి కాబట్టి మామూలు గాఢత ఉన్న ద్రావణంలోనూ అదే వీర్యాన్ని పెట్టి, అక్కడ వచ్చిన మెలికల లెక్కను తీసేయాలి. ఈ తీసివేత మర్చిపోతే, తోకలు చెడిన ఆబోతుకే మంచి మార్కులు పడతాయి. ఖర్చు లేని పరీక్ష, ఏ చిన్న ల్యాబ్‌లో అయినా చేసుకోవచ్చు. దీనికి రావలసినంత పేరు రాలేదు.

తల మీద టోపీలా ఉండే అక్రోజోమ్‌లో అండం పొరను తొలిచే ఎంజైములు ఉంటాయి. అది ముందే ఊడిపోతే కణం ఎంత జోరుగా ఈదినా అండం దగ్గర చేసేదేమీ ఉండదు. జీమ్సా రంగులో రాత్రంతా ఉంచి చూస్తే ముందు అంచు గీత చెక్కుచెదరకుండా ఉందా, ఉబ్బిందా, ఊడిందా అన్నది తెలుస్తుంది.

ఆకారం: నంబరు కంటే రకం ముఖ్యం

వికారాలు 20 శాతం లోపు ఉంటే పర్వాలేదని అనేస్తుంటారు. ఎన్ని కణాలు చూసి అన్నారన్నది ముందు అడగాలి. వంద కణాలు చూసి 20 శాతం అని రాస్తే నిజం 12కూ 28కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 400 చూస్తే 16కూ 24కూ మధ్యకు వస్తుంది. ఆబోతును ఉంచాలా తీసేయాలా అన్న నిర్ణయం వంద కణాల మీద తీసుకోకూడదు.

అంతకంటే ముఖ్యం ఆ వికారం ఏ రకమన్నది. తోక మెలికపడినా, మధ్యభాగంలో చుక్క మిగిలినా, ఆ కణం అండం దాకా చేరదు. దాని బదులు ఇంకో మంచి కణం చేరుతుంది. ఇలాంటి లోపానికి స్ట్రాలో కణాలు పెంచితే సరిపోతుంది. కణం చక్కగా ఈది అండాన్ని చేరి, ఫలదీకరణ కూడా చేసి, లోపలి డీఎన్ఏ చెడి ఉండటం వల్ల పిండం ఏడెనిమిది రోజుల్లోనే ఆగిపోవడం రెండో రకం. తల బేరిపండు ఆకారంలో ఉండటం, తలలో గుంటలు వరుసగా కనిపించడం దీనికి ఆనవాళ్లు. ఇక్కడ స్ట్రాకు రెండు కోట్లు కాదు, పది కోట్లు పోసినా ఫలితం మారదు, ఎందుకంటే చెడ్డ కణం కూడా పోటీలో గెలుస్తుంది. ఆకారాన్ని ‘మొత్తం వికారాలు ఇంత శాతం’ అని ఒక్క అంకెగా రాసే రిపోర్టు ఈ తేడాను దాచేస్తుంది. తల, మధ్యభాగం, తోక అని విడివిడిగా రాసిన రిపోర్టుకే విలువ. డీఎన్ఏ దెబ్బను నేరుగా కొలవడానికి ఆక్రిడిన్ ఆరెంజ్ పద్ధతి ఉంది. వీర్యాన్ని కొద్దిసేపు ఆమ్లంలో ఉంచి రంగు వేస్తే బాగున్న డీఎన్ఏ ఆకుపచ్చగా, చెదిరిన డీఎన్ఏ ఎర్రగా మెరుస్తుంది. ఫ్లో సైటోమీటర్ ఉంటే నిమిషాల్లో వేల కణాలు చూసేస్తుంది. అది పరిశోధన ల్యాబ్‌ల సరంజామా. అనుమానం వచ్చిన ఆబోతు వీర్యాన్ని అలాంటి చోటికి పంపితే చాలు, ప్రతి స్టేషన్లోనూ ఉండనక్కర్లేదు.

మే నెల ఎండ, జూన్ నెల వీర్యం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పరీక్షలకు ఇంకో కోణం ఉంది. వృషణాలు శరీరం కంటే రెండు నుంచి ఆరు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయి. ఆబోతులో ఒక కణం తయారు కావడానికి సుమారు 61 రోజులు, ఆపైన బయటి గొట్టంలో పక్వానికి రావడానికి వారం పది రోజులు పడుతుంది. కాబట్టి వడగాడ్పు తగిలిన రోజున పట్టిన వీర్యం బాగానే ఉండొచ్చు. దెబ్బ రెండు మూడు వారాల తర్వాత బయటపడుతుంది. ముందుగా తల, తోక విడిపోయిన కణాలు, ఆ తర్వాత గుంటల తలలు, మూడు వారాల ప్రాంతంలో బేరిపండు తలలు పెరుగుతాయి. మే ఆఖరున ఎండ మాడ్చిందంటే జూన్, జూలైలో పట్టే వీర్యంలో ఆకారం పరీక్షను వారం వారం చేయాలి. వానలు పడి వాతావరణం చల్లబడింది కదా అని పరీక్షలు సడలించేది సరిగ్గా అప్పుడే. ఒంగోలు జాతికి ఎండను తట్టుకునే శక్తి ఎక్కువ. ముర్రా దున్నకు అంత లేదు, నీళ్లూ నీడా చాలకపోతే త్వరగా దెబ్బతింటుంది. జ్వరం కూడా వడదెబ్బ లాంటిదే. గాలికుంటు, లంపీ చర్మవ్యాధి లాంటివి తగిలి కోలుకున్న ఆబోతు మేత బాగా తింటోందని వెంటనే వీర్యం పట్టడం కాదు, ఆకారం మామూలుకు వచ్చిందని స్లైడు చెప్పేదాకా రెండు నెలలైనా ఆగాలి.

చదలవాడ, రామతీర్థం పశుక్షేత్రాల్లో ఒంగోలు జాతిని నిలబెట్టే పని ఎన్నో ఏళ్లుగా సాగుతోంది. కొండాపురం మండలం చింతలదేవిలో జాతీయ కామధేను సంతానోత్పత్తి కేంద్రం వచ్చింది. మేలుజాతి ఆబోతులు కొన్నే ఉన్నప్పుడు ఒక్కో ఆబోతు వీర్యం వందల ఊళ్లకు పోతుంది. ఒక్క ఆబోతులో రెండో రకం లోపాన్ని పట్టుకోలేకపోతే ఆ నష్టమూ వందల ఊళ్లకు పోతుంది. ఆకారం పరీక్షకు పెట్టే సమయం వృథా అనేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

కంప్యూటర్ చూసే కదలిక

కాసా అనే పద్ధతిలో మైక్రోస్కోపుకు కెమెరా తగిలించి సెకనుకు 60 చిత్రాలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ ఒక్కో తల దారిని గీసి, ఎంత వేగంగా పోయింది, ఎంత తిన్నగా పోయింది అని కొలుస్తుంది. మనిషి కంటి పక్షపాతం ఇందులో ఉండదు. దాని తప్పులు దానికి ఉంటాయి. గుడ్డుసొన కలిపిన ద్రావణంలో సొన గుళికలు తల పరిమాణంలోనే ఉంటాయి. వాటిని కదలని కణాలుగా లెక్కవేసి కదలిక శాతాన్ని కిందికి లాగేస్తుంది. స్లైడు 20 మైక్రాన్ల లోతున్న ప్రత్యేకమైనది కాకపోతే కణాలు ఫోకస్ దాటిపోతాయి. వీర్యం చిక్కగా ఉంటే రెండు కణాల దారులు కలిసి ఒకటిగా నమోదవుతాయి, మిల్లీలీటరుకు రెండు మూడు కోట్లకు పల్చన చేయాలి. ఒక ల్యాబ్ సెట్టింగులతో వచ్చిన అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకూడదు. ఒకే ల్యాబ్‌లో ఒకే ఆబోతును నెలనెలా పోల్చుకోవడానికి మాత్రం ఇది చాలా మంచి సాధనం.

గడ్డకట్టించాక

వీర్యాన్ని ట్రిస్, సిట్రిక్ యాసిడ్, ఫ్రక్టోజ్, 20 శాతం గుడ్డుసొన, ఆరేడు శాతం గ్లిసరాల్, యాంటీబయాటిక్స్ ఉన్న ద్రావణంతో కలిపి, స్ట్రాల్లో నింపి, నాలుగు డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచుతారు. తర్వాత కంప్యూటర్ నడిపే ఫ్రీజర్ దాన్ని మైనస్ 10 దాకా నిమిషానికి ఐదు డిగ్రీల చొప్పున, అక్కడి నుంచి మైనస్ 100 దాకా 40 డిగ్రీల చొప్పున, ఆపైన మైనస్ 140 దాకా 20 డిగ్రీల చొప్పున దింపుతుంది. మొత్తం ఏడు నిమిషాలు. తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని. మర్నాడు ఒక్కో బ్యాచ్ నుంచి స్ట్రాలు తీసి 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు కరిగించి కదలిక చూస్తారు. 50 శాతం రాకపోతే ఆ బ్యాచ్ మొత్తం పారేయాల్సిందే. దున్నపోతు కణాల పొర చల్లదనానికి ఆవుజాతి కంటే త్వరగా లొంగుతుంది కాబట్టి ఇక్కడ ఓడిపోయే బ్యాచ్‌లు ముర్రాలోనే ఎక్కువ.

కరిగించగానే చూసిన అంకె ఒక్కటే చాలదు. అదే వీర్యాన్ని 37 డిగ్రీల దగ్గర ఉంచి గంట గంటకూ చూస్తే కొన్ని బ్యాచ్‌లు 55 శాతంతో మొదలై రెండో గంటకే పదిహేనుకు పడిపోతాయి, కొన్ని 50తో మొదలై నెమ్మదిగా తగ్గుతాయి. ఆవు గర్భాశయంలో కణాలు గంటల తరబడి బతకాలి కాబట్టి రెండోదే మేలు. చేతిలో మైక్రోస్కోపు ఉన్నవాళ్లు అందరూ చేయగలిగిన పరీక్ష ఇది.

బాక్టీరియా లెక్కకు వీర్యాన్ని అగార్ పళ్లెంలో పెంచి, మిల్లీలీటరుకు 5,000 కాలనీలు దాటకూడదని చూస్తారు. బ్రూసెల్లా, క్షయ, జోన్స్ వ్యాధి, ఐబీఆర్ లాంటి రోగాలకు ఆబోతులను విడిగా పరీక్షిస్తారు. ఐబీఆర్ వైరస్‌ను వీర్యంలోనే పీసీఆర్‌తో పట్టుకోవచ్చు. స్టేషన్లు ఇవన్నీ పాటిస్తున్నాయో లేదో కేంద్ర పర్యవేక్షణ బృందం రెండేళ్లకోసారి చూసి గ్రేడు ఇస్తుంది.

ఊళ్లో పొర్లినప్పుడు తప్పు ఎక్కడ

స్ట్రా స్టేషన్ దాటాక ల్యాబ్ చేతిలో ఏమీ ఉండదు. మూడు లీటర్ల క్యాన్‌లో నత్రజని మట్టం తగ్గడం, స్ట్రా వెతుకుతూ గోబ్లెట్‌ను (స్ట్రాలు పెట్టే చిన్న గిన్నెను) క్యాన్ మెడ పైకి ఎత్తి పట్టుకోవడం, వేసవిలో బకెట్ నీళ్లు ఎంత వేడున్నాయో చూడకుండా కరిగించడం, కరిగిన స్ట్రాను తుడవకుండా కత్తిరించడం వల్ల నీటిచుక్క లోపలికి పోవడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా రెండు కోట్ల కణాలకు అర్థం లేదు. మైనస్ 130 దాటి వేడెక్కిన స్ట్రాలో మంచు స్ఫటికాలు పెరిగి పొరను చీలుస్తాయి. దాన్ని మళ్లీ నత్రజనిలో ముంచినా పైకి ఏమీ కనపడదు.

అందుకే ఒక ఆబోతు నంబరు మీద వరసగా ఫిర్యాదులు వస్తే వాదించడం మాని, ఖాళీ స్ట్రాలు దాచి, నంబరూ తేదీ రాసి ఉంచాలి. అదే బ్యాచ్ స్ట్రాలు గోపాలమిత్ర క్యాన్ నుంచి రెండు, జిల్లా నిల్వ నుంచి రెండు, స్టేషన్లో అట్టిపెట్టిన నమూనాల నుంచి రెండు తెప్పించి, ఒకే రోజున, ఒకే మనిషి, ఏది ఎక్కడిదో తెలియకుండా కరిగించి చూడాలి. మూడు చోట్లవీ చెడ్డవైతే తప్పు స్టేషన్‌ది. స్టేషన్‌వి బాగుండి జిల్లావీ క్యాన్‌వీ చెడితే రవాణాలోనో నిల్వలోనో నత్రజని తగ్గింది. క్యాన్‌వి మాత్రమే చెడితే క్యాన్ మట్టం చూసుకోవాలి. మూడూ బాగుంటే కదలికతో ఆపకుండా ఆకారం పరీక్షకు పంపాలి, ఎందుకంటే రెండో రకం లోపం కదలికలో కనపడదు. అదీ బాగుంటే ఇక పశువు ఎద సమయం, గర్భాశయం, మేత చూడాలి.